గుండీల పెట్టెలో మాత్రలు

జూన్ 4

మందు వేసుకున్నాను.

అమ్మాయి రాయమన్నది ఈ ఒక్క ముక్కే. మాత్ర వేసుకోగానే ఎక్కడో ఒకచోట రాసి పెట్టుకో నాన్నా, మర్చిపోకుండా ఉంటావు అంది. దీనికోసం కొత్త పుస్తకం ఎందుకని, షాపులో కొలతలు రాసుకునే పుస్తకాల్లోంచి వాడనిది ఒకటి తీశాను. ప్రతి పేజీ పైన ఛాతీ, నడుము, భుజం, చెయ్యి పొడవు అని అచ్చు వేసి ఉంది. దాని కింద నా గోడు రాసుకుంటున్నాను.

మా ఆవిడ పోయాక ఇవాళే షాపు తలుపు తీశాను. షాపంటే ఇంటి ముందుగదే. గోడవైపు నా కుట్టుమిషను, కిటికీ దగ్గర ఆమె బల్ల. కాజాలు, గుండీలు, చేతి కుట్లు అన్నీ ఆ బల్ల మీదే. బల్ల మీద నీలం చొక్కా ఒకటి సగం గుండీలతో ఉండిపోయింది. దాన్ని కదపలేదు.

మాత్రలు గుండీల పెట్టెలో ఉన్నాయి. నాలుగు వరసలు, వరసకి ఏడు గళ్ళు, గడికో చిన్న మూత. ఒకప్పుడు రంగు గుండీలు ఉండేవి అందులో. నాకు గౌట్, అంటే కీళ్లు వాచి మండే జబ్బు అని డాక్టరమ్మ తేల్చిన రోజున ఆ గుండీలన్నీ రేకు డబ్బాలోకి వంపేసి, పెట్టె కడిగి ఎండలో ఆరబెట్టి, నా మాత్రలకి కేటాయించింది. నెలకోసారి కూర్చుని స్ట్రిప్పుల్లోంచి మాత్రలు ఒలిచి, గడికొకటి చొప్పున నింపేది. "కుంటి దొరగారూ, దయచెయ్యండి" అని పిలిచి, ఒక చేతిలో మాత్ర, ఒక చేతిలో నీళ్ల గ్లాసు పట్టుకుని నిలబడేది. ఆస్పత్రికి వెళ్లే ముందు వారం కూడా నింపింది. ఇప్పుడు మూడో వరస నడుస్తోంది.

జూన్ 5

మందు వేసుకున్నాను.

జూన్ 6

మందు వేసుకున్నాను. ఇస్త్రీ బాబాయి వచ్చి కాసేపు కూర్చున్నాడు. పక్క కొట్టు ఆయనది. వయసులో నాకంటే చిన్నవాడే గానీ, వీధి అంతా బాబాయి అంటుంటే నేనూ అంటాను. నా కత్తెర తీసి చూసి, పదును పెట్టించాలి అన్నాడు. పెట్టించాలి అన్నాను. వెళ్లిపోయాడు.

స్కూలు చొక్కాల ఆర్డరు అలాగే ఉంది. కాజాలు నేనే కుట్టాను. పిల్లి గీరినట్టు వచ్చాయి. ఆమె చూస్తే పొట్ట పట్టుకుని నవ్వేది.

అసలు ఆమెకి కూడా పోయిన నెల కుట్టు సరిగ్గా పడలేదు. సూదిలో దారం ఎక్కించమని నన్ను రెండు మూడుసార్లు అడిగింది. ముసలమ్మవైపోయావు, కళ్లద్దాలు తీయించుకో అని ఏడిపించాను. మీ పక్కన కూర్చుంటే ఎవరైనా ముసలమ్మలే అవుతారండీ అంది. చేతిలోంచి గ్లాసు జారి పగిలితే, ఎండకి తల తిరుగుతోంది, ఏం కాదు అంది. ఆమె ఏం కాదంటే ఏం కాదనే అనుకున్నాను.

జూన్ 7

ఇవాళ గడి మూత తీశాక గమనించాను. ఇంకా కొన్నే మిగిలాయి.

ఇది నాకు ముందు తట్టలేదు. ఈ మాత్రల్లో ఒక్కొక్కటీ ఆమె వేళ్లతో ఒలిచింది, ఆమె వేళ్లతో పెట్టింది. మూతలన్నీ ఆమె నొక్కినవే. మూత పెట్టాక బొటనవేలితో రెండుసార్లు నొక్కి చూసుకోవడం ఆమె అలవాటు. నేను రోజుకొకటి మింగుతూ పోతే ఈ నెల మధ్యకల్లా ఆమె చేసిన పని ఇంట్లో ఏమీ మిగలదు. బీరువాలో చీరలు ఉన్నాయి, నిజమే. చీరలు నాకోసం సర్దినవి కావు కదా.

మూత మళ్లీ పెట్టేశాను. ఒక్కరోజుకి కొంపలేం మునగవు.

జూన్ 8

మందు వేసుకున్నాను.

జూన్ 9

నిన్న రాసింది అబద్ధం. నా పుస్తకంలో నాకు నేనే అబద్ధం రాసుకున్నాను. ఇదేం బుద్ధో.

అమ్మాయి రోజూ సాయంత్రం పోస్టాఫీసు కౌంటరు మూసి, బస్సు ఎక్కే ముందు ఫోను చేస్తుంది. మందు వేసుకున్నావా అంటుంది. వేసుకున్నానమ్మా అంటాను. నీళ్లు తాగుతున్నావా అంటుంది. తాగుతున్నానమ్మా అంటాను. మొదటి అబద్ధం కష్టమైంది గానీ రెండోది దానంతటదే వచ్చింది.

నీళ్ల సంగతి నా ఒక్కడి తప్పు కాదు. బట్ట పరిచిన బల్ల దగ్గర నీళ్లు పెట్టకూడదని నేను పని నేర్చుకున్నచోట గట్టి నియమం. చుక్క పడితే మరక, మరక పడితే ఆ బట్ట మనదే. అందుకే పనిలో ఉంటే నాకు దాహం కూడా గుర్తు రాదు. అది తెలిసే ఆమె గ్లాసు పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడి, బయటికొచ్చి తాగండి అనేది. తాగేదాకా కదిలేది కాదు.

జూన్ 16

పెట్టె ఖాళీ అయి ఉంటుంది, ఆదివారం వచ్చి నింపుతాను అంది అమ్మాయి. నేనే నింపుకున్నాను అన్నాను. శభాష్ నాన్నా అంది. ఆ మాట వినగానే ఫోను పెట్టేశాను.

పెట్టెలో మూడో వరస సగం, నాలుగో వరస మొత్తం భద్రంగా ఉన్నాయి.

జూన్ 23

కాలు శుభ్రంగా ఉంది. రోజంతా మిషను తొక్కాను. నొప్పి లేదు, వాపు లేదు. ఇన్నాళ్లూ అనవసరంగా మింగానేమో అనిపిస్తోంది. డాక్టర్లన్నాక ఏదో ఒకటి రాయకపోతే వాళ్లకి తోచదు. రోగం తగ్గిపోయి ఉంటుంది.

స్కూలు చొక్కాలు ఇచ్చేశాను. కాజాలు చూసి టీచరమ్మ ఏమీ అనలేదు. అననందుకు ఇంకా బాధేసింది.

జూన్ 30

అన్నం వండుకోబుద్ధి కాలేదు.

జూలై 2

ఇవాళ ఆమె బల్ల తుడిచాను. నీలం చొక్కా మడిచి పక్కన పెట్టాను. అది నాదే. నా చొక్కాకి రెండో గుండీ ఊడి నెల దాటిందని పోరు పెడితే, గుండీలన్నీ పాతవైపోయాయి, మొత్తం మార్చేస్తాను ఉండండి అని కూర్చుంది. పైన మూడు మార్చింది. కింద దారపు ముక్కలు వేలాడుతున్నాయి. మూడోది కాస్త వంకరగా ఉంది. ఆమె చేతిలో వంకర గుండీ నేనెప్పుడూ చూడలేదు.

జూలై 9

వచ్చింది.

తెల్లారి మంచం దిగబోతే కుడికాలి బొటనవేలు నిప్పులో పెట్టినట్టు మండింది. ఎర్రగా ఉబ్బింది. దుప్పటి అంచు తగిలినా ప్రాణం పోతోంది. గోడ పట్టుకుని ఒంటికాలి మీద షాపులోకి వచ్చి, ఎడమకాలితో తొక్కుదామని చూశాను. దారం తెగింది. నా ఓపిక కూడా తెగింది. షాపు తలుపు మూసేశాను.

ఇన్నేళ్లలో నొప్పి వచ్చినప్పుడల్లా ఆమె మీద అరిచేవాణ్ణి. ఫ్యాను గాలి తగులుతోందన్నా ఆమె తప్పే, వీధిలో కుక్క అరిచినా ఆమె తప్పే. ఇవాళ అరవడానికి కూడా ఎవరూ లేరు.

డ్రాయర్లో నొప్పి మాత్రల స్ట్రిప్పు పాతది ఒకటి దొరికింది. కాల్చిసిన్ అని ఉంది. డాక్టరమ్మ ఎప్పుడో రాసిన చీటీ ప్రకారం ఎన్ని వేసుకోవాలో అన్నీ వేసుకున్నాను.

జూలై 10

తగ్గలేదు. ఇంకొన్ని వేసుకున్నాను. ఇస్త్రీ బాబాయిని పాత చీటీ ఇచ్చి మందుల షాపుకి పంపాను. చీటీలో రాసినదాని మీద ఒక్కటి కూడా ఎక్కువ వేసుకోవద్దని షాపతను మరీ మరీ చెప్పమన్నాడట. బాబాయి గుమ్మంలో నిలబడి పాఠంలాగా అప్పజెప్పాడు. సరే సరే అన్నాను. నొప్పి ఆయన కాలికి లేదు కదా.

అమ్మాయికి చెప్పలేదు. చెబితే వస్తుంది. వస్తే పెట్టె చూస్తుంది.

జూలై 11

కడుపులో తిప్పుతోంది. రాయలేను.

జూలై 15

ఆస్పత్రి నుంచి ఇవాళే ఇంటికి తెచ్చింది అమ్మాయి. పక్కగదిలో అల్లుడితో ఫోనులో మాట్లాడుతోంది. అక్షరాలు చిన్నపిల్లాడి రాతలా ఉన్నాయి.

ఆ రోజు వాంతులు, విరేచనాలు ఆగలేదు. సాయంత్రం నేను ఫోను ఎత్తకపోయేసరికి అమ్మాయి బాబాయికి చేసింది. బాబాయి వెనక తలుపు తోసుకుని వచ్చి చూస్తే స్నానాలగది గుమ్మంలో పడి ఉన్నానట. నాకు గుర్తులేదు. మిగతాదంతా అమ్మాయి చెప్పింది. తను వచ్చి పక్కనున్న స్ట్రిప్పులు చూసి, అవే సంచిలో వేసుకుని ఆస్పత్రికి తెచ్చిందట. అవి తేవడం మంచిదైంది అన్నారట అక్కడ. ఏదో పడని తిండి తిన్నాననుకుని ఊరుకుని ఉంటే పరిస్థితి వేరేగా ఉండేదట.

ఆమెని పడుకోబెట్టిన వరండా మీదుగానే నన్నూ తీసుకెళ్లారు.

డాక్టరమ్మ మూడోరోజు వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది. కసురుకుంటుందనుకున్నాను. కసరలేదు. రోజువారీ మాత్ర ఎప్పటినుంచి మానేశారు అని అడిగింది. అమ్మాయి వెంటనే, లేదు డాక్టర్, నాన్న రోజూ వేసుకుంటున్నారు, నేను ఫోను చేసి అడుగుతున్నాను కదా అంది. డాక్టరమ్మ చేతిలో రక్తపరీక్ష కాగితం ఉంది. ఆవిడ నావైపే చూస్తోంది. జూన్ మొదటి వారం నుంచి అని చెప్పాను.

అమ్మాయి లేచి కిటికీ దగ్గరికి వెళ్లిపోయింది.

"నొప్పి మాత్ర మంటని ఆర్పుతుంది, అంతే. రోజూ వేసుకునేది మంట పుట్టకుండా చూస్తుంది" అంది డాక్టరమ్మ. "మీ మిషను బాగానే తిరుగుతోందని నూనె వెయ్యడం మానేస్తారా? నొప్పి లేదని దీన్ని మానకూడదు. నొప్పి వచ్చిందని కూడా మానకూడదు. నొప్పి మాత్రకేమో లెక్క దాటకూడదు. లెక్క దాటితే అది మందు కాదు, విషం. మీరు చాలా దూరం వెళ్లి వెనక్కి వచ్చారు."

మూత్రపిండాలు కాస్త అలిసిపోయాయట. నీళ్లు బాగా తాగమంది. ఇన్నాళ్లు మానేశాక పాత మోతాదుతో మళ్లీ నా అంతట నేను మొదలుపెట్టకూడదట. కాలు శాంతించాక మళ్లీ రక్తం పరీక్ష చేసి, తక్కువ మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతుందట. ఒంటి మీద దద్దుర్లు కనిపిస్తే ఆ క్షణమే ఆపి తన దగ్గరికి రావాలట. వేరే ఏ డాక్టరు ఏ మందు రాసినా, ఇవి వాడుతున్నానని ముందు చెప్పాలట. అన్నిటికీ తలూపాను.

తర్వాత అడిగింది, ఎందుకు మానేశారని. ఏం చెప్పను? మా ఆవిడ సర్ది పెట్టింది, అయిపోతాయని అన్నాను. డాక్టరమ్మ చేతిలో కాగితం మడిచింది, మళ్లీ విప్పింది. స్ట్రిప్పులోంచి తీసిన మాత్రలు అన్నాళ్లు పెట్టెలో ఉంచకూడదండీ, వానాకాలం చెమ్మ కూడా, వాటిని మందుల షాపులో ఇచ్చేయండి, వాళ్లు పారేస్తారు అంది. గొంతు బాగా తగ్గించి అంది.

జూలై 16

ఇవాళ అమ్మాయి నా ముందు కూర్చుని ఏడ్చింది. ఆమె పోయినప్పుడు కూడా నన్ను పట్టుకుని ధైర్యం చెప్పిందే తప్ప ఇలా ఏడవలేదు.

"రోజూ అడిగాను నాన్నా. రోజూ వేసుకున్నాననే చెప్పావు. అమ్మ కూడా నాకు ఇలాగే చెప్పింది, ఏం లేదే, ఎండ దెబ్బ అని. మీ ఇద్దరూ కలిసి నన్ను ఏం చేద్దామనుకున్నారు?"

ఆమె తలలో గడ్డ ఉందని మాకు తెలిసింది ఆమె పడిపోయాకే. మూడురోజుల్లో అంతా అయిపోయింది. అన్నీ తనలోనే దాచుకుంది మహాతల్లి. నేనూ అదే పని చేశాను.

పెట్టె నేను ఖాళీ చేసేస్తాను, నువ్వు చూడకు అంది అమ్మాయి. వద్దు, నేనే చేస్తాను అన్నాను. ఎప్పుడు అంది. చేస్తాను అన్నాను.

జూలై 18

చెయ్యలేదు.

జూలై 19

చెయ్యలేదు. అమ్మాయి అడగడం లేదు. సెలవు పొడిగించుకుంది. షాపు గుమ్మం దగ్గర చిన్న స్టూలు వేసి నీళ్ల చెంబు, గ్లాసు పెట్టింది. లేచి వెళ్లి తాగి వస్తున్నాను. బట్ట మీద చుక్క పడే భయం లేదు.

జూలై 22

ఇవాళ పెట్టె తీశాను.

అమ్మాయి ఎదురుగా కూర్చుంది. మధ్యలో బల్ల మీద ఒక కవరు. మూడో వరసలో మిగిలిన గళ్ళు ఒక్కొక్కటే తీసి కవర్లో వంపాను. గడికొకటి, తెల్లగా, గుండ్రంగా. మూత తీసేటప్పుడు ఆ టక్కుమనే చప్పుడు వస్తుంటే, ఇక్కడ ఆమె వేలు పడింది, ఇక్కడ పడింది అనుకుంటూ తీశాను. ఏడుస్తాననుకున్నాను గానీ చెయ్యి దానంతటదే నడిచింది. అంత కష్టమేం కాలేదు.

నాలుగో వరస మొదటి గడిలో రెండు మాత్రలు ఉన్నాయి. పొరపాటున పడ్డాయి అనుకున్నాను. రెండో గడి ఖాళీ. మూడో గడిలో మూడు. అందులో ఒకటి రోజువారీ మాత్ర కాదు, అంచు మీద గీత ఉంది, ఆమె తలనొప్పికి వేసుకునేది. నాలుగు ఖాళీ, అయిదు ఖాళీ. అన్ని మూతలూ గట్టిగా నొక్కి ఉన్నాయి.

ఆరో గడి వంపితే కవర్లో కాకుండా బల్ల మీద పడి దొర్లింది. అమ్మాయి అరచెయ్యి అడ్డం పెట్టి ఆపింది. తీసి చూసింది. నా చేతిలో పెట్టింది.

తెల్ల గుండీ. నాలుగు చిల్లుల చొక్కా గుండీ.

ఏడో గడిలో కూడా గుండీయే.

మొదట నవ్వొచ్చింది. నన్ను ఆటపట్టించడానికి పెట్టిందేమో అనుకున్నాను. ఆమెకి అలాంటి కోతిపనులు అలవాటే. ఒకసారి నా టేపు దాచేసి పూటంతా వెతికించింది. కానీ అమ్మాయి ముఖం చూశాక నవ్వు ఆగిపోయింది.

"అమ్మకి కనపడలేదు నాన్నా" అంది.

నాలుగు చిల్లులు. చీకట్లో తడిమినా గుండీకీ మాత్రకీ తేడా తెలిసే చెయ్యి అది. ముప్పై ఏళ్లు గుండీలు కుట్టిన చెయ్యి. నా చొక్కా గుండీలు, నా మాత్రలు ఒకే బల్ల మీద పెట్టుకుని కూర్చుంది ఆరోజు. కళ్లకి కనపడక, వేళ్లకి తెలియక, ఏది ఏదో తేలక, అయినా సరే ఆఖరి గడి దాకా నింపి, మూతలు నొక్కి, అలమరలో పెట్టి, అయిపోయిందండీ అంది. ఎవరినీ పిలవలేదు. నేను మూడు బారల దూరంలో మిషను తొక్కుకుంటూ ఉన్నాను.

నేను ఇన్నాళ్లూ ప్రాణంలా దాచుకున్నది ఈ వరసనే. బుద్ధిగా రోజుకొక గడి తెరిచి ఉంటే, జూన్ నెలలోనే నాకు ఇది తెలిసి ఉండేది. తెలిసి చేసేదేమీ లేదు, అప్పటికే ఆమె లేదు. అయినా కాలి నొప్పి ఒకటి తగ్గేదేమో, లేక మనసుకి ఇంకోటి ముందే మొదలయ్యేదేమో.

సూదిలో దారం ఎక్కించమని అడిగినప్పుడు ఎక్కించి ఇచ్చాను. ఆమె కళ్లలోకి మాత్రం చూడలేదు. సూది బెజ్జం వైపే చూశాను.

అమ్మాయీ నేనూ చాలాసేపు ఏడ్చాం. బాబాయి ఇస్త్రీ బట్టలు ఇవ్వడానికి గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్లిపోయాడు.

జూలై 23

కవరు మందుల షాపులో ఇచ్చాం. షాపతను అందులోకి చూసి, ఏమిటండీ ఇన్ని రకాలు అన్నాడు. అమ్మాయి ఏదో చెప్పింది. గుండీలు రెండూ నా జేబులో ఉన్నాయి.

జూలై 30

డాక్టరమ్మ రక్తం చూసి, కొత్త మోతాదు రాసింది. తక్కువది. అమ్మాయి రోజుల పేర్లు రాసి ఉన్న మందుల డబ్బా కొంటానంటే వద్దన్నాను. స్ట్రిప్పులోంచి తియ్యను, స్ట్రిప్పు మీద తారీకు రాసుకుంటాను. అమ్మాయి రేపు తన ఇంటికి వెళ్తుంది. ఫోను చెయ్యనా మానెయ్యనా అని అడిగింది. చెయ్యి అన్నాను. అడగడం మానెయ్యకు, నేను చెప్పేది మాత్రం వెంటనే నమ్మకు, స్ట్రిప్పు ఫొటో పంపమని అడుగు అన్నాను. నవ్వింది. అచ్చం వాళ్లమ్మ నవ్వే.

జూలై 31

ఇవాళ నీలం చొక్కా తీశాను. మూడో గుండీ వంకరగానే ఉంది, దాన్ని విప్పలేదు. దాని కింద నాలుగోది, అయిదోది ఆ రెండు గుండీలతో కుట్టాను. ఇంకొకటి కావాలి. రేకు డబ్బాలో చెయ్యి పెట్టి తెల్లవి గుప్పెడు తీసి బల్ల మీద పరిచాను.

వాటి మధ్యలో ఒక మాత్ర ఉంది.

గుండీ నా గడిలోకి వచ్చినప్పుడు, మాత్ర ఇటు వచ్చి ఉంటుంది. అంచులు పొడి అయిపోయాయి. అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాను. ఇది ఆమె నాకోసం ఒలిచిన ఆఖరి మాత్ర. మింగేద్దామని ఒక్క క్షణం అనిపించింది. అనిపించలేదని రాస్తే అది కూడా అబద్ధమే అవుతుంది.

కాగితంలో చుట్టి, రేపు మందుల షాపులో ఇవ్వడానికి పెట్టాను. చొక్కా పూర్తి చేసి తొడుక్కున్నాను. గుమ్మం దగ్గరికి వెళ్లి, స్ట్రిప్పులోంచి ఇవాళ్టిది తీసి, ఆమె నిలబడేచోట నిలబడి వేసుకున్నాను. గ్లాసు నిండా నీళ్లు. ఖాళీ అయ్యేదాకా కదలలేదు.